ముంచి ఇచ్చే బాప్తిస్మమే మొదటి నుంచీ ఉన్నదా? గూడూరు లూథరన్ కుటుంబం నుంచి ఒక సందేహం

ప్రశ్న: గూడూరు వాస్తవ్యుడు

అందరికీ వందనాలు. మాది గూడూరు. తాతల నాటి నుంచి లూథరన్ సంఘంలో ఉన్నాం. మా ఇంట్లో పిల్లలందరికీ నెలల వయసులోనే పాస్టరు గారు తల మీద మూడుసార్లు నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సొంత నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ తీసుకుని, ఆ తర్వాతే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో, పాలుపొందారు. ఇప్పుడు మా అమ్మాయికి కావలి సంబంధం కుదిరింది. వారు బాప్టిస్టులు, మనుషులు ఎంతో మర్యాదస్తులు. అయితే అమ్మాయి ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే తమ సంఘంలో సభ్యత్వం ఇవ్వగలమని అక్కడి పాస్టరు గారు చెప్పారు. మా అమ్మకు అది మింగుడు పడటం లేదు. ఒకసారి ఇచ్చిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వడమంటే మొదటిదాన్ని లేదని అనడమేనని ఆమె బాధ.

నేను అడుగుతున్నది వేదాంత వాదన కాదు. ఎవరి పక్షం వారు చెప్పే వచనాలు నాకూ తెలుసు. చరిత్ర తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. ఆది సంఘంలో ముంచడమే పద్ధతిగా ఉండేదా? అలాగైతే పోయడం, చిలకరించడం ఎప్పుడు, ఎందుకు వచ్చాయి? ఒకే ప్రాంతంలో నూరు కిలోమీటర్లు దాటని దూరంలో ఒక ఊరి వాళ్లందరూ లూథరన్లు, మరో ఊరి వాళ్లందరూ బాప్టిస్టులు ఎలా అయ్యారు?

జవాబు: విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు, ఒంగోలు

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని ముందు విడదీయాలి. నీళ్లు ఎంత, ఎలా అన్నది ఒకటి. ఏ వయసులో, ఎవరికి అన్నది రెండోది. మన ప్రాంతంలో ముంచడమంటే పెద్దవాళ్లకు, పోయడమంటే పసిపిల్లలకు అని స్థిరపడిపోవడం వల్ల ఈ రెండూ ఒకటే అనుకుంటాం. చరిత్రలో అలా లేదు. గ్రీసులోనూ రష్యాలోనూ కేరళ బయటి తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు చాలావాటిలోనూ ఈనాటికీ పసిబిడ్డను తొట్టిలో మూడుసార్లు ముంచి తీస్తారు. మరోవైపు, పసిపిల్లల బాప్తిస్మం చెల్లదని 1525 జనవరిలో జూరిచ్ నగరంలో తిరగబడిన కాన్రాడ్ గ్రేబెల్, తన తోటివాడైన జార్జ్ బ్లౌరాక్‌కు, పెద్దవాడై విశ్వాసం ఒప్పుకున్న మనిషికి, ఇచ్చినది నీళ్లు పోసి ఇచ్చిన బాప్తిస్మమే. కాబట్టి మీ అమ్మగారికీ కావలి పాస్టరు గారికీ మధ్య ఉన్న తగాదా నిజానికి నీళ్ల గురించి కన్నా వయసు గురించే ఎక్కువ.

ఇప్పుడు నీళ్ల సంగతి. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో తయారైన 'డిడాకే' అనే చిన్న సంఘ నియమావళి ఈ విషయంలో మనకు దొరికే అతి పాత ఆధారాలలో ఒకటి. పారే నీళ్లలో ఇవ్వమని, పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో ఇవ్వమని, చన్నీళ్లు కుదరకపోతే వేణ్ణీళ్లలో ఇవ్వమని, ఏవీ చాలినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పోయమని అందులో ఉంది. అంటే నదిలో దిగడం మొదటి ఎంపికగానూ, పోయడం అవసరానికి ఆమోదించిన పద్ధతిగానూ ఒకే పుటలో కనిపిస్తున్నాయి. ఇందులోంచి తమకు కావలసిన సగాన్ని మాత్రమే ప్రసంగాలలో చదివేవాళ్లు రెండు పక్షాలలోనూ ఉన్నారు.

మూడో శతాబ్దానికి వచ్చేసరికి ఇది చాలా పెద్ద క్రతువు అయింది. నెలలు, ఒక్కోచోట ఏళ్ల తరబడి ఉపదేశం పొందినవారిని ఎక్కువగా ఈస్టరు రాత్రి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లేవారు. వారు బట్టలు విప్పి, తైలం రాయించుకుని, మెట్లు దిగి నీళ్లలో నిలబడితే, తండ్రిని, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అన్న మూడు ప్రశ్నలకు మూడుసార్లు ముంచేవారు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము సంఘంలో కొత్తగా బాప్తిస్మం పొందినవారికి చేసిన ఉపదేశాలలో, ఆ మూడు మునకలు క్రీస్తు సమాధిలో ఉన్న మూడు దినాలకు గుర్తు అని వివరణ ఉంది. బైబిలులోని రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఉన్న, క్రీస్తుతో పాతిపెట్టబడటం అనే మాటను వాళ్లు శరీరంతో చేసి చూపించారన్న మాట. మిలాను నగరంలో 387 ఈస్టరు రాత్రి బిషప్పు అంబ్రోసు చేతుల మీదుగా, తర్వాత గొప్ప వేదాంతిగా పేరుపొందిన అగస్టీను బాప్తిస్మం పొందిన ఎనిమిది పలకల తొట్టి పునాదులు ఇప్పటికీ అక్కడి ప్రధాన దేవాలయం అడుగున ఉన్నాయి.

అయితే పురావస్తు ఆధారాలను కూడా జాగ్రత్తగా చూడాలి. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున ఉన్న దూరా యూరోపోస్ ఊళ్లో, ఒక ఇంటిని ప్రార్థనాస్థలంగా మార్చి కట్టిన బాప్తిస్మపు గది బయటపడింది. 256 ప్రాంతంలో ఆ ఊరు పర్షియా సైన్యం చేతిలో పడేటప్పటికే అది ఉంది. అందులోని తొట్టి లోతు మీటరు లోపే. అందులో నిండు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ముంచడం కష్టం. మోకాళ్ల మీద కూర్చుంటే తల వంచి ముంచవచ్చు, లేదా నిలబెట్టి తల మీద ధారగా పోయవచ్చు. రోములోని సమాధి గుహల గోడల మీద వేసిన బొమ్మలలో కూడా బాప్తిస్మం పొందేవాడు చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఉంటే, ఇచ్చేవాడి చెయ్యి అతని తల మీద ఉంటుంది. కాబట్టి నీళ్లలోకి దిగడం ఖాయం, ప్రతిచోటా పూర్తిగా మునగడం ఖాయమని మాత్రం చెప్పలేం.

పోయడం ఎలా పెరిగిందో చెప్పడం తేలిక. మంచం పట్టినవాడిని తొట్టిలోకి దించలేరు. రోములో నొవేషియన్ అనే పెద్దకు అలాగే చావు మంచం మీద నీళ్లు పోసి ఇచ్చారు, అతడు బతికి బట్టకట్టి సంఘంలో పెద్ద చీలికకు కారకుడయ్యాడు. అలాంటి మంచం మీది బాప్తిస్మం చెల్లుతుందా అని అడిగినవారికి కార్తేజి బిషప్పు సిప్రియను మూడో శతాబ్దం నడుమ రాసిన జవాబులో, దేవుని కృప నీళ్ల కొలతను బట్టి తగ్గదని గట్టిగా చెప్పాడు. తర్వాత శతాబ్దాలలో పసిపిల్లల బాప్తిస్మమే సర్వసాధారణమైంది. పుట్టిన బిడ్డ బతుకుతుందో లేదో తెలియని కాలంలో ఇంట్లో హడావిడిగా నీళ్లు పోసి ఇవ్వడం అలవాటైంది. పడమటి దేశాలలో తొట్టెలు చిన్నవై, నడుం ఎత్తు రాతి దిమ్మెల మీదికి ఎక్కాయి. అయినా ముంచడం వెంటనే పోలేదు. పదమూడో శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ కూడా ముంచడమే ఎక్కువమంది పాటించే పద్ధతి అని రాశాడు, పోసినా చెల్లుతుందని చేర్చాడు.

మీ కుటుంబానికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. మీ లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1519లో బాప్తిస్మం మీద చేసిన ప్రసంగంలో, ఆ సంస్కారపు అర్థానికి ముంచడమే తగినదని చెప్పాడు. 1526లో ముద్రించిన ఆయన బాప్తిస్మ క్రమంలో బిడ్డను తీసుకుని తొట్టిలో ముంచమనే ఉంది. ఇంగ్లండు సంఘం 1549 ప్రార్థనా పుస్తకం ఇంకా వివరంగా చెబుతుంది: మొదటిసారి బిడ్డ కుడి పక్కను, రెండోసారి ఎడమ పక్కను, మూడోసారి ముఖాన్ని తొట్టి వైపుకు వంచి ముంచాలి, బిడ్డ బలహీనంగా ఉంటే పోస్తే చాలు. ఆ మినహాయింపే కాలక్రమంలో నియమమై కూర్చుంది. మినహాయింపులకు అది మామూలే.

ఇక మన ప్రాంతం. ఇది ఎవరు ముందు వచ్చారన్న దాని మీద ఆధారపడింది. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. అమెరికా లూథరన్ అయిన హేయర్ 1842లో గుంటూరు చేరాడు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను వాళ్లు 1865లో సూళ్లూరుపేట వైపు మొదలుపెట్టి నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి ప్రాంతాలలో పని చేశారు. అంటే పైన లూథరన్లు, కింద లూథరన్లు, నడుమ నెల్లూరు, కావలి, రామాయపట్నం, ఒంగోలు మీదుగా బాప్టిస్టులు. మిషన్లు ఒకరి పొలంలో ఒకరు విత్తకుండా హద్దులు గీసుకున్నాయి కాబట్టి, మన పూర్వీకులలో చాలామందికి ఏ పద్ధతి అన్నది ఆలోచించి ఎంచుకున్నది కాదు, ఊరు ఏ హద్దులో ఉంటే అదే.

జవాబు: కావలి సంఘ సభ్యుడు

పై జవాబు రాసిన మాస్టారుకు నమస్కారం. ఎంచుకున్నది కాదు అన్న చివరి మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను. గుండ్లకమ్మ సంగతి చెప్పకుండా మా వైపు బాప్తిస్మం గురించి మాట్లాడటం కుదరదు.

ఒంగోలుకు 1866లో వచ్చిన జాన్ క్లౌ దొర, ధాతు కరువు కాలంలో, అంటే 1876 నుంచి 1878 వరకు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమంది కూలీలకు తిండి దొరికేలా చేశాడు. ఆ పనిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. తట్టలు మోసే మధ్యాహ్న విరామాలలో తెలుగు బోధకులు చెప్పినది విని బాప్తిస్మం ఇమ్మని వందల మంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం, పదిహేను నెలల పాటు, ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని తెలిసి కూడా వాళ్లు వచ్చారు. అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన ఉన్న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 2న 614 మందికి, మూడో తేదీన 2,222 మందికి, నాలుగో తేదీన 700 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఒక్క రోజులో రెండు వేల పైచిలుకు మందిని ముంచడం అసాధ్యమని, చిలకరించి ఉంటారని అనేవాళ్లున్నారు. లెక్క కట్టి చూడండి. నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులు పక్కపక్కన నిలబడ్డారు. మొత్తం ఆరుగురు, ఒక జంట అలసిపోతే మరో జంట దిగింది. తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండవేళ ఆపి, మళ్లీ రెండు గంటల నుంచి సాయంత్రం ఐదు దాకా సాగించారు. పనిచేసినది ఎనిమిది గంటలు అనుకుంటే ఒక్కో బోధకుడి స్థానానికి 1,111 మంది, అంటే మనిషికి దాదాపు అర నిమిషం. పరీక్షలు, విచారణలు ముందే అయిపోయి, ఒడ్డున పేర్లు చదువుతూ వరుసలో పంపితే అర నిమిషం సరిపోతుంది. మాకు చెరువులో ఇచ్చేటప్పుడు చూసినవారికి ఇది తెలుసు. పాస్టరు గారు ఒక చేత్తో మెడ వెనుక పట్టుకుని, రెండో చేత్తో మన రెండు చేతులనూ ముక్కు దగ్గర మూసిన రుమాలునూ కలిపి పట్టుకుంటారు. మాట పూర్తయ్యేలోపే వెనక్కి వాల్చి లేపుతారు. ఆలస్యం అయ్యేది చీరలు తడిసి బరువెక్కిన ఆడవాళ్లు గట్టెక్కడానికీ, ఎదురుగా దుప్పటి అడ్డం పట్టిన అక్కలు పొడిబట్ట కప్పడానికీ.

దొర చెయ్యి వేయకుండా ఆ మూడు రోజులూ బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. వారిలో యర్రగుంట్ల పేరయ్య గారి లాంటివారు దొర కన్నా ముందు ఊరూరా తిరిగి మాట చెప్పినవాళ్లు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని మనుషులు, అందరి ఎదుట పారే నదిలో నిలువునా మునిగి లేవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. అందుకే మా సంఘాలలో ఇది సభ్యత్వపు నియమంగా కన్నా ముందు ఒక సాక్ష్యంగా నిలిచింది. ఇప్పుడు చాలా మందిరాలలో పుల్పిట్ వేదిక చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. చెరువుకు వెళ్లే పని తగ్గింది, సాక్ష్యం కూడా కొంచెం తగ్గిందనే నా అభిప్రాయం.

గూడూరు వాస్తవ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ రెండు జవాబులూ మా అమ్మకు చదివి వినిపించాను. గుండ్లకమ్మ దగ్గర ఆమె మళ్లీ చదవమంది. అయితే ఆమె ప్రశ్న అక్కడే ఉంది. "వాళ్లకు అది మొదటిసారి, నా మనవరాలికి రెండోసారి అవుతుంది కదా" అంటోంది. రెండోసారి ఇవ్వకూడదన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? అది మా లూథరన్ల పట్టుదలేనా?

జవాబు: నాయుడుపేట లూథరన్ ఉపదేశి

అయ్యా, అది మన ఒక్కరి పట్టుదల కాదు, చాలా పాతది. మూడో శతాబ్దంలోనే దీని మీద పెద్ద రగడ జరిగింది. సంఘం నుంచి చీలిపోయినవాళ్ల చేత బాప్తిస్మం పొందినవారు తిరిగి వస్తే మళ్లీ ఇవ్వాలని కార్తేజిలో సిప్రియను, అక్కర్లేదు, చేతులుంచి చేర్చుకుంటే చాలని రోములో అక్కడి బిషప్పు స్తెఫను పట్టుబట్టారు. మంచం మీద పోసిన నీళ్లు చాలని వాదించినదీ, చీలిపోయినవారు ఎంత ముంచినా చాలదన్నదీ ఆ సిప్రియనే. 314లో ఆర్ల్ నగరంలో కూడిన సభ రోము పక్షానికి మొగ్గింది. త్రిత్వం పేరున, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో, జరిగినదైతే మళ్లీ ఇవ్వనక్కర్లేదని తేల్చింది. ఇచ్చినవాడు ఎవరు, నీళ్లు ఎన్ని అన్నవి కాక, ఏ నామంలో ఇచ్చారన్నదే గీటురాయి అయింది. లూథరన్లూ కతోలికులూ ఆంగ్లికన్లూ ఈనాటికీ అదే పాటిస్తున్నారు.

ఈ నియమం వెనుక రక్తపు మరక కూడా ఉంది, దాచకూడదు. రెండోసారి బాప్తిస్మం ఇవ్వడాన్ని మరణశిక్షకు తగిన నేరంగా చూసిన పాత రోమను చట్టాన్ని పదహారో శతాబ్దంలో బూజు దులిపి తీశారు. పసిపిల్లల బాప్తిస్మం ఒప్పుకోని ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో జూరిచ్ పాలకులు కాళ్లూ చేతులూ కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మళ్లీ నీళ్లు కోరినవాడికి నీళ్లే అని ఎగతాళి చేసినట్టు. 1529లో జర్మను సామ్రాజ్యపు స్పయర్ సభ అలాంటివారికి మరణదండన విధించే శాసనం చేసింది. మన లూథరన్ల ఔగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 1530లో తొమ్మిదో అంశంలో వారి బోధను ఖండించింది. ఇప్పటి లూథరన్ సంఘాలు ఆ హింసకు క్షమాపణ కోరాయి. 2010లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, ఆనాడు హింసకు గురైనవారి వారసులైన మెనోనైట్ల ఎదుట బహిరంగంగా ఆ పని చేసింది. ఖండించిన బోధను మాత్రం మనం వదులుకోలేదు. పసిబిడ్డకు ఇచ్చినది దేవుడు చేసిన పని, బిడ్డకు అది తెలిసిందా లేదా అన్నదానితో అది తప్పిపోదు అన్నది మన విశ్వాసం. మీ అమ్మగారు చెబుతున్నది పట్టుదల కాదు, ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న ఉపదేశమే.

జవాబు: కావలి సంఘ సభ్యుడు

ఉపదేశి గారు ఉన్నదున్నట్టు రాశారు. మా వైపు మాట కూడా అంతే సూటిగా చెప్పాలి. మేం మళ్లీ ఇస్తున్నామని మేం అనుకోవడం లేదు. నోరు తెరిచి విశ్వాసం ఒప్పుకోని బిడ్డకు జరిగినది బాప్తిస్మమే కాదన్నది మా సంఘాల అభిప్రాయం. ఇంగ్లండులోని బాప్టిస్టులు కూడా 1640ల దాకా పోయడంతోనే ఉన్నారు. 1644లో లండను బాప్టిస్టు సంఘాల విశ్వాసపు ఒప్పుకోలులో ముంచడాన్ని నియమంగా రాసుకున్నారు. మాకు వయసు ముందు, నీళ్లు తర్వాత. ఈ విషయంలో మాస్టారు చెప్పినది సరిగానే ఉంది.

జవాబు: విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు, ఒంగోలు

కావలి వారు ఎంచుకోవడం గురించి చేసిన అభ్యంతరం న్యాయమైనది. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున నిలబడిన తరం నిశ్చయంగా ఎంచుకున్నదే. నేను చెప్పినది వారి మనవల గురించి.

గూడూరు వారికి ఒక్క విషయం. సభ్యత్వానికి ముంచుడు తప్పనిసరి అన్న దాని మీద బాప్టిస్టులలోనే పాత వాదం ఉంది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ సంఘ కాపరి జాన్ బన్యన్, తానే ముంచుడు నమ్మినవాడై ఉండి, 1673లో ఈ భేదం ప్రభువు బల్ల దగ్గర అడ్డుగోడ కాకూడదని రాశాడు. లండనులో విలియం కిఫిన్ దానికి గట్టిగా ఎదురు నిలిచాడు. ఆ వాదం తెగలేదు. మన దేశంలోనే పలు సంఘాలు కలిసి 1970లో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో (సి.ఎన్.ఐ.) బాప్టిస్టులు కూడా చేరారు. అక్కడ పసిపిల్లల బాప్తిస్మాన్నీ విశ్వాసుల బాప్తిస్మాన్నీ పక్కపక్కనే ఒప్పుకున్నారు. అలాగే 1947లో ఏర్పడిన దక్షిణ భారత సంఘంలో (సి.ఎస్.ఐ.) మన తెలుగు బాప్టిస్టులు చేరలేదు కాబట్టి ఆ వెసులుబాటు కావలిలో ఉంటుందని ఆశించవద్దు.

అయితే మీరు రాసినదాన్ని బట్టి వారి పాస్టరు గారు చెప్పినది సభ్యత్వం గురించే, వివాహం గురించి కాదు. ఈ రెండూ వేరని ఆయన నోటనే తేల్చుకోండి. వివాహం గూడూరు మందిరంలో మీ పాస్టరు గారి చేతుల మీదుగా జరిగి, సభ్యత్వం సంగతి అమ్మాయి అక్కడికి వెళ్లాక తానే నిర్ణయించుకునేలా ఉంచడానికి వారు అభ్యంతరం చెబుతారా అన్నది అడగండి. ముంచుడు విశ్వాసికి సొంత నిర్ణయమని నమ్మేవాళ్లు, ఆ నిర్ణయాన్ని పెళ్లి ముహూర్తానికి ముడిపెట్టమని పట్టుబట్టడం వారి సిద్ధాంతానికే పొసగదు. ఆ మాట కావలి సభ్యుడు గారు కూడా కాదనరనుకుంటాను.